కువైట్‌లో ఉన్న భార్య

ఓబులేష్‌కి పెళ్ళాం లేదు. ఎప్పుడూ లేదు. అయినా ఆ లేని పెళ్ళాంతో పదకొండేళ్ళుగా అతను పడ్డ పాట్లు, ఉన్న పెళ్ళాంతో ఏ మొగుడూ పడి ఉండడు.

ఆవిడ పేరు సుమ. కువైట్‌లో ఎవరో షేకు ఇంట్లో వంటపని. ఓబులేష్‌తో కలిసి ఉండే ఓంకార్‌కి సొంత అక్క. ఈ మూడు ముక్కలూ ఓబులేష్ కల్పించినవే, అదీ ముందే కూర్చుని ఆలోచించి కాదు. బెంగళూరులో పీణ్య వెనక వఠారాల్లో ఇల్లు వెతుక్కుంటూ ఓంకారూ తనూ తిరిగిన రోజులవి. ఏ గేటు చూసినా ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అన్న బోర్డు. ఆఖరికి ఇంటి ఓనరు నేత్రావతమ్మ గేటు దగ్గర ఆవిడ అడగనే అడిగింది, “పెండ్లయిందా అప్పా?” అని. పొద్దుటినుంచీ చంకకర్ర మీద తిరిగి తిరిగి ఒళ్ళు హూనమైపోయిన మనిషి ఏం చెప్తాడు? “అయిందక్కా. ఆమె కువైట్‌లో ఉండాది. ఈయప్ప మా బామ్మర్ది” అనేశాడు. పక్కన నిలబడ్డ ఓంకార్ నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు.

అబద్ధమైనా తెలివైనదే ఆడాడు లెండి. అన్నదమ్ములమంటే ఇంటిపేర్లు కలవవు. స్నేహితులమంటే బ్యాచిలర్లని గేటు వేసేస్తారు. అదే బావాబామ్మర్దులైతే ఒకరినొకరు ఎంత ఏడిపించుకున్నా, ఎక్కడికి కలిసి తిరిగినా ఎవరూ తలెత్తి చూడరు. ఇల్లు కూడా అలాంటిలాంటి ఇల్లు కాదు. కింది అంతస్తు, గుమ్మానికి మెట్టు లేదు, బాత్రూము లోపలే. ఓబులేష్ లాంటివాడికి బెంగళూరులో అలాంటి ఇల్లు దొరకడమంటే మాటలా?

అబద్ధం ఆడటం నిమిషం పని. దాన్ని సాకడం ఉందే, అదీ చాకిరీ. మొదటి ఏడాది సుమ ఇంటిమీద బెంగపెట్టుకుంది. రెండో ఏడాది షేకు ఆవిడ ఫోను లాక్కున్నాడు. తర్వాత వీసా చిక్కు. కరోనా వచ్చి లోకమంతా ఏడుస్తున్నప్పుడు వీళ్ళిద్దరు మాత్రం, సుమ ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళు లేక, రెండేళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నేత్రావతమ్మ ఊరుకునే రకమా? ప్రతి వరలక్ష్మీ వ్రతానికీ సుమ పేరు చెప్పి ఒక రవికెగుడ్డ చేతిలో పెట్టేది. “ఆయమ్మకు ఎత్తిపెట్టండప్పా” అనేది. బీరువాలో పదకొండు రవికెగుడ్డలు పోగయ్యాయి. వాటిని చూసినప్పుడల్లా ఓబులేష్‌కి దొంగతనం చేసినట్టుండేది.

నిజం చెప్పేస్తే పోదా అంటే, అదంత సులభమా? ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకుని కలిసి బతకడం నేరం కాదని కోర్టు ఎప్పుడో చెప్పింది. అయితే ఇల్లు అద్దెకిచ్చేది కోర్టు కాదు కదా! ఆ తీర్పు వచ్చిన ఏడాది నగరంలో జరిగిన ఊరేగింపు చూద్దామని ఓంకార్ పట్టుబట్టి తీసుకెళ్ళాడు. ముఖాలకు రంగులు పూసుకుని, జెండాలు పట్టుకుని, పిల్లలంతా ఎగురుతూ వెళ్తుంటే ఓబులేష్ ఫుట్‌పాత్ అంచున కూర్చుని చూశాడు. వాళ్ళను చూస్తే సంతోషం వేసింది. అంత దూరం నడవలేని తనలాంటి వాళ్ళు ఎక్కడ కూర్చుని ఉన్నారో అని కూడా అనిపించింది. మర్నాడు మామూలుగా పీణ్యలో తను పనిచేసే చిన్న మిషను షాపుకి వెళ్ళి, తన బెంచి ముందు కూర్చుని, లేతు మిషను మీంచి వచ్చిన ఇనప బుష్షులను ఒక్కొక్కటిగా కొలిచి చూశాడు. ఓంకార్ ఎప్పట్లాగే దర్శిని టిఫిన్ హోటల్లో పెనం ముందు నిలబడి దోసెలు పోశాడు.

ఇవన్నీ భరించాడు. భరించలేనిది వేరే ఉంది. ఎప్పుడు మొదలైందో ఏమో, సుమ ఇక రాదని వఠారం తేల్చేసింది. ఎందుకు రాదు? పక్కింటి చిక్కమ్మ కొళాయి దగ్గర అందరి ముందూ అననే అంది. “కుంటి మొగుడితో ఎవురు వేగుతారమ్మా? కాలు చూసి పారిపోయింది, ఇంగేముండాది!”

ఆ కాలు రెండేళ్ళ వయసులో పోలియోతో చచ్చుబడింది. దానికోసం ఏడవాల్సినదంతా అతను పదిహేనేళ్ళకే ఏడ్చేశాడు. తర్వాత ఆ కాలూ అతనూ రాజీపడిపోయారు. ఇక ఓంకార్ అంటారా, హిందూపురం బస్సు కోసం మెజెస్టిక్ బస్టాండులో నిలబడ్డప్పుడు అతను ఓబులేష్‌తో అన్న మొదటి మాటే, “మీ కర్రకు రబ్బరు అరిగిపోయిందన్నా, జారతారు” అని. అయ్యో అనలేదు. చూడనట్టు నటించనూ లేదు. అడక్కుండా చెయ్యి పట్టుకోలేదు. ఓబులేష్ ఆ మాటకే పడిపోయాడు. వాళ్ళిద్దరి మధ్యకు ఎన్నడూ రాని ఆ కాలు, ఇప్పుడు ఒక కాపురాన్ని కూల్చిన కాలు అయి కూర్చుంది. ప్రేమను దాచుకోబోయి తన కాలికి తనే నింద తెచ్చాడు. చిక్కమ్మకు గట్టిగా జవాబు చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఏమని చెప్తాడు?

మొన్న శుక్రవారం సాయంత్రం నేత్రావతమ్మ లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. అడగడం కంటే చెప్పడమే ఎక్కువ.

“ఓబులేషా, ఇంగ ఆ సుమను నమ్ముకోని లాభం లేదు. హొసకోటెలో మా చుట్టాలమ్మాయి రాధిక ఉండాది. మొగుడు పోయి మూడేండ్లు. నీ కాలు సంగతి అంతా ఆమెకు చెప్పినా. ఆదివారం వస్తాది.”

“అక్కా, ఇప్పుడు ఇదంతా ఏంటికి…”

“సుమ్నే ఉండప్పా నువ్వు, మాట్లాడొద్దు! ఎన్నాళ్ళు ఇట్లా బేజారుగా బతుకుతావు? ఒకటే మాట. కొత్తామె వచ్చినాక మొదటామె తమ్ముడు ఇంట్లో ఉంటే బాగుండదు. ఓంకారు వేరే రూము చూసుకోవాల.”

ఆవిడ వెళ్ళిపోయాక ఓబులేష్ చాలాసేపు మంచం దిగలేదు. అబద్ధం నిలబెడితే ఓంకార్ వెళ్ళిపోవాలి. నిజం చెబితే ఇద్దరూ వెళ్ళిపోవాల్సి రావచ్చు. ఖాళీ ఉన్న ఇళ్ళన్నీ రెండో అంతస్తులో, మూడో అంతస్తులో ఉండే ఊరు ఇది.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చిన ఓంకార్ ఒక ఉపాయం చెప్పాడు. ఇంట్లో కూడా బావా అనే అలవాటైపోయింది అతనికి.

“దీనికింత దిగులేంటికి బావా? ఆమెను రానీ. నీ కాలు చూసి ఆమే వద్దంటాది. మనం ఏమీ చెప్పే పనే లేదు.”

అనేశాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. ముఖం మాడిపోయింది. ఓబులేష్‌కి కోపం రాలేదు, ఎంతో నీరసం వచ్చింది. పదకొండేళ్ళ అబద్ధం ఆఖరికి ఓంకార్ నోటిని కూడా పాడుచేసింది. ఓంకార్ వచ్చి మంచం పక్కన కింద కూర్చుని, “తప్పయిపోయింది బావా” అన్నాడు. ఓబులేష్ అతని తల నిమిరాడు. అన్నం తినబుద్ధి కాలేదు.

ఆదివారం పదిగంటలకు రాధిక వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయేమో, చేతిలో సంచీ, కళ్ళలో నిద్రలేమి. నేత్రావతమ్మ ఓంకార్ చేత కాఫీ పెట్టించి ఏకరువు పెట్టడం మొదలుపెట్టింది. “మంచి మనిషి తల్లీ, ఒక్క దురలవాటు లేదు. ఆ సుమ మాత్రం కాలు చూసి ఓర్చుకోలేక కువైట్ పట్టుకోని కూచుంది, పాపం.” రాధిక ఓబులేష్ కాలు వైపు చూసింది, చూసి తల దించుకుంది. “పర్వాలేదు పిన్నీ. కాలుదేముంది, సర్దుకుంటా” అంది.

పాపం, మంచి మాటే అనుకుని అంది. ఓబులేష్‌కి మాత్రం ఒళ్ళంతా కారం రాసినట్టయింది. చంకకర్ర తీసుకుని లేచి నిలబడ్డాడు.

“నువ్వేమీ సర్దుకోవద్దు తల్లీ. అక్కా, సుమ అనే మనిషే లేదు. నేను కల్పించినా. నా కాలు చూసి ఎవురూ పారిపోలేదు. పదకొండేండ్లుగా నాతో కాపురం చేస్తాండేది ఓంకారు. మేమిద్దరం ఒకరికొకరం. ఇంగ అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదక్కా. నిజంగా లేదు.”

అందరికంటే ముందు తేరుకున్నది రాధికే. చివరి గుక్క కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది. “ముందే చెప్పింటే హొసకోటె నుంచి రెండు బస్సులు మారి వచ్చే పని తప్పేది కదన్నా! నాకూ ఈ పెండ్లి మీద మనసు లేదు. అందరూ పో పో అంటే వచ్చినా.” ఆమె సంచీ తీసుకుని, గుమ్మం దాటబోతూ ఓంకార్ వైపు తిరిగి, “కాఫీ బాగుండాదన్నా” అనేసి వెళ్ళింది. వెనకే నేత్రావతమ్మ కూడా లేచి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు ఆవిడ ఈ గుమ్మం వైపు రాలేదు. ఓంకార్ హోటల్ పని కాగానే ఇళ్ళు చూడటానికి తిరిగాడు. ఒకచోట ముప్పై మెట్లు. ఒకచోట బాత్రూము పెరట్లో. రోజూ వచ్చి చెప్పులు విడుస్తూ “లేదు బావా” అనేవాడు. భయపడాల్సిన మనిషి ఓబులేష్. విచిత్రమేమిటంటే, ఆ నాలుగు రాత్రులూ అతను ఎన్నడూ లేనంత గాఢంగా నిద్రపోయాడు.

ఐదోనాడు పొద్దున్నే నేత్రావతమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

“లేని మనిషి కోసం పదకొండేండ్లు మొక్కుకున్నా నేను. దేవుడు నన్ను చూసి ఎంత నవ్వుకోనుంటాడో!” అంది. కోపం ఇంకా తగ్గలేదు. “మీ సంగతి నాకు సగం అర్థమయింది, సగం కాలేదు. అది అట్లుండనీ. ఈ కాలు పెట్టుకోని నువ్వు యాడికి పోతావు? మెట్లెక్కి చస్తావా? ఉండండి ఈడనే.”

ఉండమంది! ఓంకార్ ముఖం విప్పారింది. తల ఊపితే చాలు, ఇల్లు నిలబడుతుంది. ఓబులేష్ మాత్రం అడ్డం తిరిగాడు.

“నా కాలు చూసి ఉండమంటే వద్దక్కా. ముప్పై మెట్లయినా ఎక్కుతా. మా ఇద్దరినీ చూసి ఉండమంటే చెప్పు, ఉంటాం.”

నేత్రావతమ్మ ఓబులేష్‌ను ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడకు ఇతను ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి. తర్వాత మెడ చాచి లోపలికి చూసింది. ఆవిడ ఎప్పుడొచ్చినా వంటింటి తలుపు వెనక్కి జరిగి నిలబడటం ఓంకార్‌కి అలవాటు. అప్పుడూ అక్కడే ఉన్నాడు.

“ఓంకారూ, ఆడ నక్కి ఏం చేస్తాండావు? ఇట్లా రా. వచ్చి ఆయప్ప పక్కన కూచో. ఇద్దరినీ చూసి చెప్పాలంట కదా, ఒకరు తలుపెనకాల దాక్కుంటే నేను ఎవురిని చూసి చెప్పాల?”

ఓంకార్ తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. మంచం మీద ఓబులేష్‌ను ఆనుకుని కూర్చున్నాడు. నేత్రావతమ్మ ఇద్దరినీ ఒకసారి తేరిపార చూసింది.

“ఊఁ. ఉండండి” అంది.