చిట్టెం ముక్క

మా చేను వంక గట్టున ఉండేది. దాని మూలన ఒక నల్లటి దిబ్బ. ఎప్పుడో అక్కడ ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం అది, ముక్క ముక్కకూ బెజ్జాలే. వంకనీళ్ళు చక్రాన్ని తిప్పేవట, ఆ చక్రమే కొలిమితిత్తిని ఊదేదట. ఈ మాట మా నాయన వాళ్ళ తాత దగ్గర విన్నాడు. ఇప్పుడు ఆ వంకలో గొర్రె మూతి తడవడానికి కూడా నీళ్ళు లేవు.

మా ఇళ్ళల్లో కొత్త ఇల్లు కడితే, పాలు పొంగించే పొయ్యి కింద ఆ దిబ్బలోని చిట్టెం ముక్క పెట్టాలి. పెడితే ఆ పొయ్యి ఎన్నడూ ఆరిపోదని నమ్మకం.

సోలార్ వాళ్ళకు భూమి లీజుకిచ్చినప్పుడు, కొలతలకు వచ్చిన మనిషి ఆ దిబ్బ ఏమిటని అడిగాడు. నాయన గొర్రెల వెంట పోయి ఉన్నాడు. నేను ఎండకు విసిగిపోయి ఉన్నాను.

"ఉత్త రాళ్ళప్పా, అడ్డమైతే తీసేయండి" అన్నాను.

తీసేశారు. ప్యానెళ్ళ మధ్య దారికి పరిచి, రోలరుతో తొక్కించి, పైన కంకర పోశారు. ఇప్పుడు నేను రోజూ ఆ దారినే నడుస్తూ ట్యాంకర్ నీళ్ళతో ప్యానెళ్ళు కడుగుతున్నాను. నాయనను కంచె లోపలికి రానివ్వరు కాబట్టి ఆయనకు ఈ సంగతి చాలాకాలం తెలియలేదు.

పోయిన ఏడాది చెల్లెలు నాగలమడికలో ఇల్లు కట్టుకుంది.

"చిట్టెం నువ్వే తేవాలరా. లోపల పనిచేసేది నువ్వే గదా" అన్నాడు నాయన.

వారం రోజులు రేపు, రేపు అంటూ గడిపాను. గృహప్రవేశం ముందురోజు పని దిగాక పారతో దారి తవ్వబోతే, నాలుగు దెబ్బలకే కాపలా మనిషి వచ్చి అడ్డుకున్నాడు. వాదించే ఓపిక లేదు, నడుము పట్టేసి ఉంది. వస్తూ వస్తూ వంకలో ఒక నల్లరాయి ఏరుకున్నాను. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

మరునాడు పొయ్యి దగ్గర నాయన ఆ రాయిని అరచేతిలో పెట్టుకుని, బెజ్జాల కోసం బొటనవేలితో తడిమాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"దిబ్బ యాడ పోయింది?"

"దారి కింద ఉండాది నాయనా. నేనే తీసేయమన్నా."

అప్పటికే చెల్లెలు పాలగిన్నె పట్టుకుని నవ్వుతూ వస్తోంది. నాయన ఆ రాయిని పొయ్యి కింద పెట్టి, పైన మట్టి మెత్తాడు.

"దానికి చెప్పాకు" అన్నాడు.

పాలు పొంగాయి. ఆ పొయ్యి మీద వండిన అన్నం మాత్రం నాయన ముట్టలేదు. కడుపు బాగాలేదని కూతురితో చెప్పి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాడు.