జనరేటర్ పక్క గదిలో కౌన్సెలింగ్

నరసరావుపేట శివారులోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఫర్జానా ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెబుతోంది. తనిఖీ బృందం వస్తోందని తెలిసిన రోజు ప్రిన్సిపాల్ పాండురంగారావు ఆమెను పిలిపించారు.

"మీరు నెమ్మదిగా మాట్లాడతారు మేడం. రేపటినుంచి విద్యార్థుల కౌన్సెలర్ మీరే."

జనరేటర్ పక్కన విరిగిన బెంచీలు పడేసే గదికి రాత్రికి రాత్రి సున్నం కొట్టించి 'కౌన్సెలింగ్' అని బోర్డు తగిలించారు. బృందం వచ్చింది, గదిని ఫోటో తీసుకుంది, బిర్యానీ తిని వెళ్లింది. బోర్డు తీసేయాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

మొదట వచ్చినవాడు రొంపిచెర్ల రైతు. కూతురి ర్యాంకు కార్డు బల్లమీద పెట్టి, "మా పిల్లకి కంప్యూటర్ సీటు వచ్చిద్దా మేడం?" అన్నాడు. ఆ చుట్టుపక్కల కౌన్సెలింగ్ అంటే సీటు. పిల్లల మనసు సంగతి మాట్లాడే కౌన్సెలింగ్ కూడా ఉంటుందని చెబితే, ఆయన ఆమెను జాలిగా చూసి లేచి వెళ్లిపోయాడు.

మెల్లగా పిల్లలు రావడం మొదలుపెట్టారు. కరెంటు పోతే జనరేటర్ మోగేది, అప్పుడు వాళ్లు తమ రహస్యాలను గొంతు చించుకుని చెప్పుకోవలసి వచ్చేది. వరండాలో వెళ్లేవాళ్లు కాసేపు ఆగి విని మరీ వెళ్లేవారు.

భరత్ మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు. సాగర్ డ్యాం దగ్గరి విజయపురి సౌత్ కుర్రాడు, మొదటి సంవత్సరం. ఎలా మాట్లాడించాలో ఫర్జానాకూ తెలియదు. ఆమె పేపర్లు దిద్దుకునేది, అతను ఎదురుగా కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి నోరు విప్పాడు.

"నాకీ చదువు ఎక్కట్లేదు మేడం. చేపల డిప్లొమా చెయ్యాలని ఉంది. మా నాయనకి చెప్పాలంటే భయం."

"ఆదివారం నేనూ వస్తా పద," అంది ఫర్జానా.

ఇద్దరూ సాగర్ బస్సెక్కారు. భరత్ తండ్రి ఆదినారాయణ నీటిపారుదల శాఖలో పనిచేస్తాడు. మేడం ఇంటికే వచ్చిందని తెగ కంగారుపడ్డాడు.

"ఏ బ్రాంచికి మారుస్తారమ్మా?"

"బ్రాంచి కాదన్నా. కాలేజీ మానేసి చేపల పెంపకం చదువుతానంటున్నాడు."

ఆదినారాయణ కొడుకు వంక చూశాడు. "ఇంజినీరు అయితాడని చానామందికి చెప్పుకున్నానమ్మా. ఇప్పుడు వాళ్లకి ఏం చెప్పేది?" తర్వాత కొడుకుతో, "ఈ ముక్క నాకు చెప్పడానికి పేట నుంచి మనిషిని తీసకరావాలంట్రా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే నొప్పే ఎక్కువగా వినిపించింది. భోజనాలయ్యాక, సరే చదువుకో అన్నాడు.

భరత్ కాలేజీ మానేశాడని తెలిసి పాండురంగారావు అదిరిపడ్డారు. "కౌన్సెలింగ్ అంటే పిల్లల్ని నిలబెట్టేది మేడం, పంపించేది కాదు." ఆ సాయంత్రమే బోర్డు ఊడింది. పిల్లలు స్టాఫ్ రూంలో ఆమె కుర్చీ దగ్గరకే రావడం మొదలుపెట్టారు. జనరేటర్ గోల లేకపోవడంతో వాళ్ల కష్టాలు ఇంకాస్త వివరంగా వినే వీలు చిక్కింది.

రెండేళ్ల తర్వాత వార్షికోత్సవంలో, విద్యార్థులకు మానసిక స్థైర్యం కలిగించినందుకు కాలేజీ తన ఛైర్మన్ గారిని తనే సన్మానించుకుంది. ఫర్జానా వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఛైర్మన్ గారు తన ఓర్పు గురించి ఓపిగ్గా చెబుతుండగా భరత్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చేతిలో నీళ్లు కారుతున్న సంచి.

"సాగర్ చేపలు మేడం. నేను శాలువా కొందామనుకున్నా. శాలువా ఏం చేసుకుంటారు, చేపలు తీసకపో అన్నాడు మా నాయన."

ఏసీ హాల్లో వాసన వేదికదాకా పాకింది. పాండురంగారావు ముక్కు మూసుకుంటూ వెనక్కి వచ్చి, "ఏంది మేడం ఇది?" అన్నారు.

"కౌన్సెలింగ్ సార్," అంది ఫర్జానా.

ఆమెకు నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి. ప్రసంగం ఇంకా సగం ఉండగానే సంచి అందుకుని, ఐసు కరిగిపోతుందని భరత్‌తో కలిసి ఆటో ఎక్కింది. ఆ రాత్రి భరత్ ఆమె ఇంట్లోనే చేపల పులుసుతో తిని, ఏ చేపకు ఏ మేత వెయ్యాలో గంటసేపు చెప్పాడు. ఆమెకు అందులో సగం కూడా అర్థం కాలేదు. అయినా మధ్యలో ఆపలేదు.