ఉయ్యాల బల్ల బేరంలో నా పాండిత్యం

నోటిదురుసు వల్ల చెడిపోయినవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. నేను ఆ కోవలోకి రాను. నా నోటివల్ల నేను చెడలేదు, పక్కనున్న మనిషి చెడ్డాడు. అదీ నాలుగు రోజుల్లో రెండుసార్లు. మొదటిసారి తెలియక ముంచాను. రెండోసారి తెలివి వచ్చాక ముంచాను. ఈ రెండో రకమే అసలు ప్రమాదమని చెప్పడానికే ఈ గొడవంతా మీ ముందు పెడుతున్నాను.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో తెలుగు లెక్చరర్ని. కోచింగ్ కాలేజీలో తెలుగు మాష్టారి బతుకు ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. లెక్కల మాష్టారు వస్తే నా పీరియడు ఆయన తీసుకునేవారు, ఆయన రాకపోతే ఫిజిక్స్ మాష్టారు తీసుకునేవారు. నాకు కావలసినంత తీరిక ఉండేది. ఆ తీరికలో నాకు మాటల పుట్టుపూర్వోత్తరాల పిచ్చి పట్టింది. ఆ ఏడాది పట్టుకున్న మాట 'విలువ'. కాలేజీలో నాకు లేనిది అదే కాబట్టి దాని మీదే మనసు పోయిందేమో!

ఏ భాషవాళ్ళు విలువను ఏమంటారో, ఆ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో నోటుబుక్కుల్లో రాసుకునేవాణ్ణి. రాసుకుని ఊరుకుంటే బాగుండేది. టమాటాల బండి దగ్గర కూడా ఊరుకునేవాణ్ణి కాదు.

"ఖరీదెంతమ్మా?"

"కిలో నలభై."

"చూడమ్మా, ఖరీదంటే పారసీలో కొనడం అని అర్థం. విలువ కూడా అంతే. మన పాత తెలుగులో విలుచు అంటే కొనడం. అంటే రెండు మాటలూ కొనేవాడి వైపు నుంచి పుట్టినవే. నువ్వు అమ్మేదానివి కాబట్టి..."

"కొంటే కొను, లేదంటే పక్కకి జరుగు బాబూ. వెనక జనం నిలబడ్డారు."

ఇలాంటివాణ్ణి వెంటబెట్టుకుని బేరానికి వెళ్ళాలని ఎవరికైనా అనిపిస్తుందా? ఖాదర్ భాయ్‌కి అనిపించింది. పాపం, ఆయన గ్రహచారం.

వన్‌టౌన్‌లో నేను అద్దెకున్న మేడ కిందిభాగం ఖాదర్ భాయ్‌ది. వడ్రంగం పని. అంతకుముందు అన్నగారి ఫర్నిచర్ షాపులోనే పనిచేసి, ఆర్నెల్ల కిందటే మాటా మాటా వచ్చి విడిగా పెట్టుకున్నాడు. తొలి పెద్ద అవకాశం హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చింది. అక్కడ రోడ్డుమీద హోటలున్న శివయ్యగారు కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. హాల్లోకి పాతకాలపు టేకు ఉయ్యాల బల్ల కావాలన్నారు. అది సమయానికి తెస్తే ఇంటి ఫర్నిచరంతా ఖాదర్‌కే, తేలేకపోతే వాళ్ళ అన్నగారికే.

వెతగ్గా వెతగ్గా ఉయ్యూరులో ఒకరింట్లో బల్ల దొరికింది. ఆదివారం పొద్దున్నే ఖాదర్ భాయ్ బండి స్టార్ట్ చేస్తూ నన్ను పిలిచాడు.

"మాష్టారూ, బేరానికి ఇద్దరుండాలి. మీరు ఊరికే వచ్చి నిలబడితే చాలు."

దారిపొడవునా నాకు ట్రైనింగే.

"కొనేటప్పుడు వస్తువుని మెచ్చుకోకూడదండీ. మెచ్చుకున్నామా, రేటు అటకెక్కి కూర్చుంటుంది. వంకలు నేను పెడతా. మీరు మొహం చిరాగ్గా పెట్టుకోండి. నేను మెడ రుద్దుకున్నప్పుడు 'వద్దులే భాయ్, పద పోదాం' అనండి. అంతే. ఇంకొక్క ముక్క మాట్లాడొద్దు."

"అంతేనా? నేను తెలుగు ఎమ్మే, ఖాదర్ భాయ్!"

"అందుకే నా భయం."

బెంజి సర్కిల్ నుంచి కంకిపాడు దాకా ఆ ఒక్క ముక్కనే నాలుగు రాగాల్లో అని వినిపించాను. చివరి రాగం బాగుందన్నాడు.

ఆ ఇంటాయన నరసింహారావుగారు చెరుకు రైతు. హాలు నడిమధ్యలో ఉయ్యాల బల్ల, దాని మీద ఉల్లిపాయల బస్తా, ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు, పాడైపోయిన మిక్సీ. ఆయన ముందుగా పంచె కాస్త పైకి లాగి మోకాలు చూపించారు.

"ఇదిగోనండీ, దీని పుణ్యమే. అటెళ్తే తగుల్తది, ఇటొస్తే తగుల్తది. తీసుకెళ్ళి పుణ్యం కట్టుకోండి."

ఖాదర్ భాయ్ వేలికణుపులతో బల్లను తట్టి పెదవి విరిచాడు. "ఈ మూల పగులుందండీ."

"ఉందిగా."

"ఈ చెక్కుడు చిలక ముక్కు విరిగిపోయింది."

"రెండో చిలకది కూడా పోయింది, చూళ్ళేదా?"

వంకలు పెట్టేవాడికి వంకలు అందించే ఇలాంటి అమ్మకందారు జన్మలో దొరకడు. పది నిమిషాల్లో రేటు ఖాదర్ అనుకున్నదానికన్నా కిందికే దిగింది. నా ముక్క అనాల్సిన అవసరమే రాలేదు. ఖాదర్ భాయ్ అడ్వాన్సు తీయడానికి జేబులో చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే నరసింహారావుగారి భార్య రాజ్యలక్ష్మిగారు మజ్జిగ తెచ్చిచ్చి, నావంక చూసి అడిగారు.

"ఈ బాబు కూడా చెక్కపనేనా?"

అక్కడ కాలింది నాకు. "కాదండీ! నేను తెలుగు లెక్చరర్ని. విలువ అనే భావం మీద పరిశోధన చేస్తున్నాను."

"అంటే ఏంటి బాబూ?"

అయ్యా, అమ్మా, కాస్త నా పక్షాన కూడా ఆలోచించండి. 'అంటే ఏంటి' అని నన్ను మూడేళ్లలో ఒక్క విద్యార్థి అడగలేదు. కాలేజీ యాజమాన్యం అడగలేదు. మా అమ్మ కూడా అడగలేదు. నాలో గేట్లు ఎత్తేసినట్టయింది.

"మీరిచ్చిన మజ్జిగే తీసుకోండమ్మా. ఇంటికొచ్చినవాళ్ళకి గౌరవంగా ఇచ్చే నీళ్ళని అర్ఘ్యం అంటాం కదా? సంస్కృతంలో అర్ఘం అంటే వెల! వెల కట్టడం, గౌరవించడం, రెండూ ఒక చోటే పుట్టాయి. ఇంగ్లీషులో కూడా చూడండి. ధరని ప్రైస్ అంటారు, పొగడటాన్ని ప్రెయిజ్ అంటారు. రెండూ లాటిన్‌లో ఒక తల్లి పిల్లలే!"

ఖాదర్ భాయ్ మెడ రుద్దుకున్నాడు. చూశాను. దోమ కుట్టిందనుకున్నాను.

"అంటే ఏమన్నమాట? పొగడకుండా ధర కట్టడం కుదరదు. ఇప్పుడు ఈ బల్లకి మీరు వెల కట్టారు, కానీ దీన్ని ఒక్కరన్నా గౌరవించారా? ఉల్లిపాయలు పోశారు! ఏకచెక్కమ్మా ఇది, ఎక్కడా అతుకే లేదు! ఇంత వెడల్పు ఏకచెక్క టేకు ఈ రోజుల్లో తపస్సు చేసినా దొరకదని దారిలో ఖాదర్ భాయే చెప్పారు!"

మెడ రుద్దుకోవడం ఆగిపోయింది. ఖాదర్ భాయ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

రాజ్యలక్ష్మిగారు మజ్జిగ చెంబు కింద పెట్టారు. ఉల్లిపాయల బస్తా దించారు. బట్టలు తీశారు. మిక్సీని మొగుడి చేతిలో పెట్టారు. కొంగుతో బల్లని ఈ చివరి నుంచి ఆ చివరికి తుడిచి, నిదానంగా కూర్చున్నారు.

"ఏవండీ, ఏకచెక్కంట."

"అయితే ఏంటే?"

"ఇవ్వను."

"పదేళ్ల నుంచి దీన్ని అవతల పారేయమని పోరుపెట్టింది నువ్వే కదా రాజ్యం!"

"అప్పుడు నాకెవరు చెప్పారు? మీరు చెప్పారా? ఆ బాబు చెప్పాడు గనక తెలిసింది."

ఆ తర్వాతి అరగంట ఖాదర్ భాయ్ పడ్డ పాట్లు నేను చెప్పలేను. రేటు పెంచాడు. మళ్ళీ పెంచాడు. ఇల్లు ఖాళీగా ఉంటుందన్నాడు, మోకాళ్ళ సంగతి గుర్తుచేశాడు. నరసింహారావుగారు కొత్త వాషింగ్ మెషిన్ కొనిపెడతానని ఒట్టేశారు. చివరికి ఆవిడ ఉసూరుమంటూ, "సరే, పట్టుకెళ్ళండి. జాగ్రత్తగా చూసుకోమని చెప్పండి వాళ్ళకి" అన్నారు.

బతికానురా దేవుడా అన్నట్టు ఖాదర్ భాయ్ మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

నేను అప్పటికే తప్పు తెలుసుకుని, ఈసారి మెడ మీద చెయ్యి పడితే చాలు అని కాచుకుని ఉన్నాను. పడింది. కంకిపాడు రాగంలో గట్టిగా అందుకున్నాను.

"వద్దులే భాయ్, పద పోదాం!"

రాజ్యలక్ష్మిగారి మొహం వెలిగిపోయింది.

"చూశారా? వాళ్ళకే అక్కర్లేదు! వెళ్ళిరండి బాబూ."

మేం గుమ్మం దిగుతుంటే వెనక గొలుసులు కిర్రుకిర్రుమంటున్నాయి. ఆవిడ ఊగుతున్నారు. నరసింహారావుగారు మిక్సీ పట్టుకుని మమ్మల్ని చూసిన చూపు పగవాడికి కూడా వద్దు.

తిరుగుదారిలో కంకిపాడు దగ్గర ఖాదర్ భాయ్ అన్నాడు.

"అన్న షాపులోంచి బయటికొచ్చేటప్పుడు 'నువ్వు సొంతంగా ఏం పొడుస్తావురా' అన్నాడు మాష్టారూ. నలుగురి ముందూ అన్నాడు. ఈ ఆర్డరుతో చూపిద్దామనుకున్నా. ఇప్పుడు ఆయన దగ్గర నా ఖదర్ మొత్తం పోయింది."

నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ క్షణంలో భుజం మీద చెయ్యి వేసి క్షమించమని ఉంటే నేనూ మనిషిననిపించుకునేవాణ్ణి. కానీ నా చెవి దిక్కుమాలిన చెవి. అది వేరే దారిన పోయింది.

"ఖదర్! గౌరవం, విలువ! భాయ్, అది అరబ్బీ మాట. మీ పేరు ఖాదర్, ఈ ఖదర్, రెండిటికీ వేరు ఒకటే! మీ పేరుకి సమర్థుడని అర్థం. ఇంగ్లీషు వాల్యూ కూడా లాటిన్‌లో బలం అనే మాట నుంచే వచ్చింది. అంటే ఎవరికి చేతనవుతుందో వాళ్ళకే విలువ అని రెండు భాషలూ..."

బండి ఆగింది.

"దిగండి."

"ఇక్కడ దేనికి భాయ్?"

"దిగండి మాష్టారూ."

అంత కోపంలోనూ అండీ వదలని మనిషిని ముంచానే అని, సిటీబస్సులో నిలబడి విజయవాడ దాకా నన్ను నేను తిట్టుకున్నాను.

మూడు రోజులు ఆలోచించాను. బల్ల పోయింది నా వల్లనని నేనే వెళ్ళి ఒప్పుకోవాలనుకుని, నాలుగో రోజు హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను. శివయ్యగారు హోటల్ గల్లాపెట్టె దగ్గర కూర్చుని కథంతా విన్నారు. పొట్ట పట్టుకుని నవ్వారు.

"బల్ల పోతే పోయింది లెండి. కొత్తది ఖాదరే చెయ్యొచ్చుగా? మీరు పైన ఉండేవాళ్ళు, రోజూ చూస్తారు. పనెలా ఉంటదో చెప్పండి. దాన్నిబట్టి మిగతా ఫర్నిచరు కూడా మాట్లాడదాం."

నా నాలుక చివరిదాకా వచ్చింది. ఖాదర్ భాయ్ చేసిన బీరువా తలుపు వేస్తే ఎక్కడ మూసుకుందో కనబడదని, రందాతో నున్నగా చిత్రిక పట్టాక చెక్క మీద చెయ్యి పెడితే తీయబుద్ధి కాదని, అతని పని చూడటానికి నేను మెట్లమీద గంటలకొద్దీ కూర్చుంటానని చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే నాకు తెలివి వచ్చింది. ఆగరా మూర్ఖుడా, ఇంకా రేటు తేలలేదు! రేటు తేలకముందు మెచ్చుకునేగా ఉయ్యూరులో సర్వనాశనం చేశావు!

మొహం చిరాగ్గా పెట్టాను. గల్లాపెట్టె మీద వేలికణుపులతో తట్టాను.

"ఏముందండీ, ఏదో చేస్తాడు."

"ఏదో అంటే?"

"అతుకులు కనబడతాయి. మూలలు పగుళ్ళిస్తాయి. చిలకలకి ముక్కులు నిలవవు. అయినా ఇప్పుడు చేయించుకునేదెవరండీ, అందరూ రెడీమేడేగా!"

శివయ్యగారు నా భుజం మీదుగా వెనక్కి చూశారు.

"రావయ్యా ఖాదరూ. మీ మాష్టారు నీ గురించే చెప్తున్నారు."

ఖాదర్ భాయ్ చేతిలో కొలత టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొత్త బల్ల తనే చేసిస్తానని బతిమాలుకోవడానికి ఆయనా అప్పుడే వచ్చాడట.

నేను గ్లాసులోని నీళ్ళవంక చూస్తూ కూర్చున్నాను. అందులో దూకే వీలుంటే దూకేవాణ్ణి. శివయ్యగారే అన్నారు.

"బల్ల పోవడంలో నీ తప్పేం లేదని ఇప్పుడు పూర్తిగా నమ్మకం కుదిరిందయ్యా. ఈయన్ని వెంటేసుకెళ్తే ఏ బేరమైనా ఏం తెగుద్ది? పని నీకే ఇస్తున్నా. ఇల్లంతా నువ్వే చెయ్యి. కాకపోతే నీ ఇంటిమీద ఉండే మనిషే ఇట్టా చెప్పాక నేను పూర్తి రేటెట్టా ఇస్తా? కాస్త తగ్గించుకో."

తగ్గించుకున్నాడు. అన్నగారి ముందు తలెత్తుకునే పని దొరికింది గనక ఆ మాత్రానికి ఒప్పుకున్నాడు. బయటికి వచ్చాక నావంక తిరిగాడు.

"మాష్టారూ, కొనేటప్పుడు మెచ్చుకోవద్దన్నా. అమ్మేటప్పుడు కూడా తిట్టమన్నానా?"

"అమ్మడమా? ఇక్కడ మనం అమ్మేదేముంది భాయ్?"

"నన్ను!"

ఆ మాట అని హోటల్ మెట్టుమీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత టీ కూడా ఇప్పించాడు. టీ ఎలా ఉందని అడిగాడు. నేను నోరు విప్పలేదు.

అంచేత పాఠక మహాశయులారా, సంస్కృతం, పారసీ, అరబ్బీ, లాటిన్ నాలుగూ సాక్షిగా, పాత తెలుగు పెద్దమనిషిగా, నేను చేస్తున్న భీషణ ప్రతిజ్ఞ ఆలకించండి. రేటు తేలేదాకా ఈ జన్మలో ఏ వస్తువునూ మెచ్చుకోను, ఏ మనిషికీ వంక పెట్టను, ఎవరి మెడవంకా చూడను. శివయ్యగారి ఇంటిపని పూర్తయి, ఆఖరి రూపాయి ఖాదర్ భాయ్ చేతికి అందింది కాబట్టి ఈ ఒక్కమాట మాత్రం ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను: అంతటి పనివాడు కృష్ణా జిల్లా మొత్తం మీద ఇంకొకడు లేడు.