సిమెంటు నేల కింద కదలిక

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేదాన్ని. శ్మశానం గోడ పక్కనే పుట్టి పెరిగాను. ఏ దయ్యమూ నన్ను పలకరించలేదు. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యమని నేను అనడం లేదు.

డెబ్బైల్లో మద్రాసు జార్జి టౌన్‌లో ఒక మూలికల మండీలో కూలికి పోయేదాన్ని. పడమటి కొండల అడవుల నుంచి పచ్చివేర్లు గోతాల్లో వచ్చేవి. వాటి మట్టి దులపడం ఆడవాళ్ళ పని. ఆ నల్లమట్టిని ఇళ్ళకు తీసుకుపోయి, పేడలో కలిపి నేల అలుక్కునేవాళ్ళం.

ఒకరోజు గోతంలోంచి జానెడు పొడవున్న ప్రాణి జారిపడింది. కాళ్ళు లేవు. పామనుకుని పార ఎత్తాను.

"కొట్టొద్దుమే! రెప్పలాడిస్తా ఉండాది, పాముకు రెప్పలేడివి? అది కాళ్ళు లేని బల్లి" అని తోటి కూలి మునెమ్మ అరిచింది.

అప్పటికే పార తగిలింది. తోక తెగి ఎగిరెగిరి పడింది. మిగిలింది మట్టిలోకి దూరిపోయింది. సాయంత్రం ఆ మట్టే నా వంతుకొచ్చింది. జల్లెడ పట్టి మరీ తెచ్చుకుని నేల అలికాను.

మూడోనాడు, మూడు నెలల నా కూతురు పడుకున్న చాప కింద నేల ఉబ్బింది. చెయ్యి పెడితే వేలెడు లావున ఏదో ముందుకు పాకి ఆగింది. బిడ్డను పక్కకు జరిపితే అక్కడికే వచ్చింది. నాలుగు రోజులు బిడ్డను చంక దించలేదు. నిద్ర లేక పాలు తగ్గిపోయాయి.

"బల్లికి భయపడి బిడ్డను మాడస్తా ఉండావే! ఆడుండేది ఎలకమ్మే" అని మా అత్త ఎగతాళి చేసింది.

మా ఆయన నేలంతా మోకాలి లోతు తవ్వాడు. ఒక్క కన్నం కూడా లేదు.

నేను మొండికేస్తే పెరంబూరులో మేడమీద గది అద్దెకు తీసుకున్నాం. సిమెంటు నేల. కింద వేరే వాళ్ళ కాపురం. నిశ్చింతగా బిడ్డను దించాను.

మొదటి మధ్యాహ్నమే, బిడ్డను జోకొడుతున్న అత్త చెయ్యి ఆగిపోయింది. చాప మడిచి, అరచెయ్యి నేలకు ఆనించింది.

"ఇందా, బిడ్డను పట్టుకో" అంది.

నేనూ ఆనించి చూశాను. సిమెంటుకు ఒక్క బీట కూడా లేదు. దాని కింద అదే కదలిక.

బిడ్డను ఉయ్యాలలోనే పెంచాం. బిడ్డ గోడ పట్టుకుని సొంతంగా నిలబడిన రోజు నుంచి ఆ కదలిక మళ్ళీ రాలేదు.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని, ఆ బల్లి సంగతి ఒక పుస్తకంలో చదివాను. విషం లేదట. మెత్తటి అడవి మట్టి దాటితే బతకదట. నా బిడ్డకు అది ఏ హానీ చెయ్యలేదు. ఏం కావాలని వచ్చిందో మాత్రం ఈనాటికీ నాకు అంతుపట్టలేదు.