సంతంతటికీ ఒకే లెక్క

అదే కదా నేననేది. మనిషి పోయారు కాబట్టి ఆ మనిషి పనిని కూడా కొన్నాళ్ళు పడుకోబెడదామంటే ఎలా కుదురుతుంది? "గౌరవంగా ఉంటుందండీ, సంతాపం పాటించినట్టు ఉంటుంది" అన్నారు ఆఫీసువాళ్ళు ఫోన్లో, సంతలో లెక్క చెప్పే సభను వాయిదా వేస్తూ. గౌరవం సంగతి నాకు అంతగా తెలియదు. వాయిదా అనే మాట వింటే మా డాక్టరమ్మకు ఎంత కోపం వచ్చేదో మాత్రం బాగా తెలుసు.

ఆవిడ పోయారన్న కబురు కూడా ఫోన్లోనే వచ్చింది. పొద్దున్నే కాఫీ పళ్ళ తొక్క తీసి గింజలు నీళ్ళలో కడుగుతున్నాను. మా ఊరికి వచ్చే నర్సమ్మ ఫోన్ చేసింది. విశాఖలో, ఆసుపత్రిలో, గుండె ఆగిపోయిందట. ఫోన్ పెట్టేసి, కడిగిన గింజల్నే మళ్ళీ నీళ్ళలో పోసి కడగడం మొదలుపెట్టాను. మా ఆవిడ వచ్చి నా చేతిలోంచి గింజలు తీసుకుని ఆరబోసింది.

మీలో ఆవిడను ఎరగని వాళ్ళకు చెప్పాలి. ఆవిడ మందులు రాసిచ్చే డాక్టరు కాదు. హెచ్ఐవి ఏ వైపు పెరుగుతోంది, ఏ వైపు తగ్గుతోంది, పరీక్ష ఎవరికి అందడం లేదు అని ఏటేటా నెత్తురు పరీక్షలు చూసి లెక్క కట్టే డాక్టరు. కాగితాల్లో ఈ పనిని నిఘా అంటారు. అరకు కొండల్లో ఆ మాట వినిపిస్తే జనం ముందు పారిపోయే దారి చూసుకుంటారు, సంగతేమిటో ఆ తరవాత అడుగుతారు. ఆవిడ ఆ మాటను మా ముందు ఎప్పుడూ వాడలేదు. "మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండే లెక్క" అనేవారు.

నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివాను. కాఫీ తోట ఉంది, కొంచెం చోడి, అంటే రాగులు, పండిస్తాం. సంతరోజున మైకు పట్టుకుని తప్పిపోయిన మేకల గురించి చెప్పేది నేనే. మేకల్ని వెతికే గొంతు జబ్బుల గురించి చెప్పడానికీ పనికొస్తుందని ఆవిడకు అనిపించింది. తెలుగులో ఆవిడ చెప్పేవారు, దాన్ని మా ఆదివాసీ ఒడియాలో నేను చెప్పేవాణ్ని.

అసలు ఆవిడ మా దగ్గరికి ఎందుకు రావలసి వచ్చిందో చెప్పాలి. అంతకుముందు ఏడాది వేరే ఎవరో వచ్చి, ఏ ఊళ్ళో ఎంతమందికి ఉందో సంతలో మైకు పెట్టి చదివేశారు. చెడ్డవాళ్ళేం కాదు. మబ్బు పట్టకముందే ఘాట్ దిగిపోవాలన్న తొందర వాళ్ళది. మా ఊరి పేరు కూడా చదివారు. మధ్యాహ్నానికి మా ఊరి ఆడవాళ్ళ ముందు బేరం ఆగిపోయింది. పసుపు కొనలేదు, అడ్డాకులు కొనలేదు. ఒకామె పసుపు చేతిలోకి తీసుకుని మా ఆవిడను అడిగింది.

"నీది ఏ ఊరే?"

చెప్పింది. ఆమె కొమ్ములు మెల్లగా బుట్టలో పెట్టేసింది. "ఒద్దులే, ఇంట్లో ఉందిలే."

"పసుపుకి రోగం వత్తాదేటే?" అంది మా ఆవిడ. ఆమె అప్పటికే వెళ్ళిపోయింది.

తెచ్చిన పసుపంతా మళ్ళీ కొండెక్కింది. ఆ వారమే ఊరంతా కూర్చుని, ఇక మీదట సూది పట్టుకున్నవాళ్ళను ఊళ్ళోకి రానివ్వకూడదని తీర్మానించింది. కడుపుతో ఉన్న గుంటలు ఆసుపత్రికి పోవడం మానేశారు.

అలాంటప్పుడు డాక్టరమ్మ వచ్చారు. వరసకు నాకు పెదనాన్న అయ్యే మా ఊరిపెద్ద ఇంటి అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఏటమ్మా, మళ్ళీ నెత్తురుకేనా?"

"కాదండీ. కిందటేడు మీ దగ్గర తీసిన నెత్తురు లెక్క మీకు సరిగ్గా చెబుదామని."

"సెప్పేసినారు కదా. మా పసుపు ఇంకా ఇంట్లోనే ఉంది."

ఆవిడ తరవాతి సంతలో పొద్దున్నే వచ్చి మా ఆవిడ పక్కన నేల మీద కూర్చుని పసుపు అమ్మారు. ఇంత చేతకాని అమ్మకందారును నేను ఎక్కడా చూడలేదు. అడిగినవాళ్ళకు "మీ ఇంట్లో ఎంతమంది? అయితే ఇంత అక్కర్లేదు, సగం చాలు" అని చెప్పి పంపించేవారు. "నువ్వు లెగిసి ఎల్తే నాలుగు బేరాలు ఎక్కువవుతాయి డాక్టరమ్మా" అంది మా ఆవిడ. అయినా ఆవిడ లేవలేదు. మా ఊరి బుట్టలోని పనసతొనలు అందరూ చూస్తుండగా తింటూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి బేరాలు కదిలాయి.

ఆ సాయంత్రం పెదనాన్న అడిగాడు. "మా ఊరి పేరు బయటకి రాకుండా నిజం సెప్పగలవా? అబద్దం సెప్పినా ఒప్పుకోం, పేరు సెప్పినా ఒప్పుకోం."

"రెండూ చెయ్యను. ఎలాగో ఆలోచించడానికి కొంచెం టైం ఇవ్వండి" అన్నారావిడ.

ఆలోచించే పని నాతో మొదలైంది. మా ఇంటి వాకిట్లో కూర్చోబెట్టి నాకు పరీక్ష పెట్టారు. "ఇవి అసలు లెక్కలు కావు తమ్ముడూ, నేను కల్పించినవి. ఫలానా ఊరు, ఒక గర్భిణి, మొదటి కాన్పు, మొగుడు కోస్తాలో పనికి వెళ్ళాడు. ఎవరో పోల్చుకోగలవా?"

నేను వెంటనే పేరు చెప్పేశాను. తల్లిగారి ఊరు కూడా చెప్పాను, అడక్కపోయినా.

ఆవిడ ముఖం మాడిపోయింది. పరీక్షలో ఫస్టు వచ్చానని నా మీద కోపగించుకున్న టీచరు ఆవిడ ఒక్కరే. "ఉత్తుత్తి మాటకే నిజం మనిషి దొరికిపోయింది చూశావా?" అన్నారు. ఊళ్ళు రెండు కలిపి అడిగారు, చెప్పేశాను. మొగుడి పని సంగతి తీసేసి అడిగారు. కాస్త ఆలోచించి అదీ చెప్పేశాను. మా కొండల్లో కబుర్లు చెప్పుకోవడం తప్ప చలికాలం చేసే పని ఇంకేముంది? చివరికి ఒక సంతకు వచ్చే ఊళ్ళన్నిటినీ ఒకే లెక్కలో కలిపి అడిగారు. తల గోక్కున్నాను. మా ఆవిడను పిలిచి అడిగాను, అక్కడికి తెలియకపోవడం తప్పు అయినట్టు. తనకూ తెలియలేదు.

"అయితే ఇదే" అన్నారు డాక్టరమ్మ. "సంతలో అందరూ కొనేవాళ్ళే, అందరూ అమ్మేవాళ్ళే. ఇక ఎవరి పసుపును ఎవరు వద్దంటారు?"

అలా మా దగ్గర హెచ్ఐవి లెక్కను సంతవారీగా చెప్పడం మొదలైంది. ఊరు ఒప్పుకుంది, ఒక షరతు పెట్టి. ముందు కిందటేటి లెక్క చెప్పాలి, ఆ తరవాతే కొత్త నెత్తురు. ఆవిడ సరేనన్నారు. అన్న మాట ఏ ఏడూ తప్పలేదు. జ్వరంతో వచ్చిన ఏడు గొంతు పెగలకపోతే నా చెవిలో చెప్పారు, నేను మైకులో చెప్పాను.

ఆవిడ ఒక వాక్యం చెబితే నేను నాలుగు చెప్పేవాణ్ని. "నేను చెప్పింది ఒక్కటే కదా, మిగిలిన మూడూ ఏమిటి?" అని అడిగేవారు. "నవ్వడానికండీ" అనేవాణ్ని. "నవ్వించు, కానీ అంకె జోలికి పోకు" అనేవారు. మైకు దించాక ఏం చెప్పానో తెలుగులో మళ్ళీ చెప్పించుకునేవారు. ఒకసారి ఒక ముసలాయన లేచి "కోడికి కూడా వత్తాదా?" అని అడిగాడు. సంతంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. రాదని, ఎందుకు రాదో, మనుషులకు ఎలా వస్తుందో, కలిసి తింటే ఎందుకు రాదో మొత్తం చెప్పారు. ఆ ముసలాయన అంత తీరిగ్గా మాట్లాడిన డాక్టరును అంతకుముందు చూడలేదట.

ఒక ఏడు లెక్క పెరిగింది. మైకు చేత్తో మూసి "చెప్పమంటారా?" అని అడిగాను. "చెప్పు. మందు ఉందన్న మాట కూడా అదే ఊపిరిలో చెప్పు. మధ్యలో ఆగకు" అన్నారు. చెప్పాను. ఆ తరవాత వారం కోస్తా నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళు కొందరు తమంతట తామే పరీక్షకు వచ్చారు. ఎవరెవరు వచ్చారో నేను చూడలేదు. చూసినా పోల్చుకోకుండా ఉండటం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. "మనిషికి చెప్పాల్సింది ఆ మనిషి చెవిలో చెప్పాలి, సంతకు చెప్పాల్సింది మైకులో. ఈ రెండూ కలవకూడదు తమ్ముడూ" అనేవారు.

ఇప్పుడు ఆ ఆఫీసు ఫోన్ దగ్గరికి వస్తాను. సంతలో లెక్క చెప్పే సభ వాయిదా అని నేను ఇంట్లో చెప్పగానే మా మేనకోడలు వినేసింది. దానికి మొదటి కాన్పు. మొగుడు రొయ్యల చెరువుల పనిలో కొన్నేళ్ళు ఉండి మొన్ననే తిరిగొచ్చాడు. తల్లికి బేగి తెలిస్తే, ఒకవేళ ఏదైనా ఉన్నా, మందులతో బిడ్డను కాపాడుకోవచ్చు. డాక్టరమ్మ ఈ మాట చెప్పకుండా ఏ సంతలోనూ మైకు దింపలేదు.

"లెక్క సెప్పకుండా నాను సెయ్యి సాపను మావా" అంది.

"డాక్టరమ్మ పోయారు కదే తల్లీ."

"ఆవిడ పోతే ఈల్లు పేర్లు సదవరని నీకేటి నమ్మకం? ముందు సెప్పమను, ఇంటాను. అప్పుడు సూది."

నాలుగిళ్ళ అవతల కడుపుతో ఉన్న ఇద్దరు గుంటలూ ఇదే మాట అన్నారని మా ఆవిడ కబురు తెచ్చింది. వాయిదా ఎన్నాళ్ళో తెలియదు. కడుపులో బిడ్డ వాయిదా వినదు. ఆఫీసుకు మళ్ళీ ఫోన్ చేశాను. డాక్టరమ్మ దగ్గర పనిచేసే చిన్న డాక్టరమ్మ మాట్లాడింది.

"లెక్క ఆవిడ పూర్తిచేసే వెళ్ళారండీ. సంతవారీగానే ఉంది. కానీ చెప్పేవాళ్ళు లేరు కదా."

"ఇన్నాళ్ళూ మైకులో మా భాషలో చెప్పింది నేనే కదమ్మా. మీరు పక్కన నిలబడండి, ఆవిడలా."

"ఆవిడలా నావల్ల కాదండీ."

"నావల్లా కాదు. ఇద్దరం కలిసి చేతకానట్టే చేద్దాం."

ఆ పిల్ల సంత ఏ రోజో అడిగింది. తరవాత "వస్తాను" అంది. వచ్చింది కూడా. ఘాట్ రోడ్డు మలుపులకు తిన్నదంతా అనంతగిరి దగ్గరే అప్పగించేసి, పాలిపోయిన మొహంతో ఇప్పుడు నా పక్కనే కూర్చుని నిమ్మకాయ వాసన చూస్తోంది. మైకు బిగించేలోపు ఈ నాలుగు మాటలు మీకు రాద్దామని బస్తా మీద కూర్చున్నాను. పొగమంచు ఇంకా పూర్తిగా లేవలేదు. ఏ బుట్ట ఏ ఊరిదో తెలియకుండా కలిసిపోయి కూర్చున్నారు ఆడవాళ్ళు.

మా మేనకోడలు అందరికంటే ముందు వచ్చేసింది. లెక్క ఇంకా చెప్పనే లేదు. నర్సమ్మ బల్ల పక్కన కూర్చుని, గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని, చెయ్యి చాపింది. "ఒలే, ముందు మీ మావ సెప్పాలి కదే, అప్పటిదాకా ముడుసుకో" అంటోంది నర్సమ్మ. "ఉండనీ" అంటోంది ఇది. చలికి చేతి మీద రోమాలు లేచి నిలబడ్డాయి. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. డాక్టరమ్మ ఈ చెయ్యిని చూసి ఉంటే, బహుశా ముందు

"మావా, ఆ రాసీది తరవాత రాసుకో. సెయ్యి లాగతంది, బేగి సెప్పు."

వస్తున్నానే తల్లీ, ఒక్క వాక్యం. ఆవిడ ఈ చెయ్యిని చూసి ఉంటే, ముందు నా వైపు తిరిగి, "లెక్క చెప్పు తమ్ముడూ, మధ్యలో