కుంకుడు రసంలో కడిగిన కాసు

నేను జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తున్నాను. పోయినేడు మా యజమానురాలు నగలు కడగమని ఇచ్చింది. ఇక్కడ ఇంటావిడను 'మామా' అనే పిలుస్తాం. వాటిలో రాణి బొమ్మున్న పాత బ్రిటిష్ బంగారు కాసు ఒకటి మురికిపట్టి ఉంది. మా కడపలో చేసినట్టే కుంకుడు రసంలో నానబెట్టి, బ్రష్షుతో తళతళలాడేలా తోమాను.

చూడగానే మామా నా జుట్టు పట్టుకుంది.

"నా కాసేదీ? మార్చేశావు, దొంగా!"

"వల్లా, దేవుడి మీద ఒట్టు, ఇది మీదే మామా!" అని ఏడ్చినా వినలేదు.

నన్ను కువైట్ సిటీలోని మిర్కాబ్ బజారుకు ఈడ్చుకెళ్లింది. అక్కడ ఆ కాసును ఇదివరకే చూసిన నాణేల వ్యాపారి భూతద్దంతో చూశాడు.

"కాసు మీదే. అరుదైనది. తోమేసరికి గీతలు పడ్డాయి. ఇక బంగారం తూకానికే చెల్లుతుంది," అన్నాడు.

దొంగను కానని తేలినా మామా నోటి నుంచి ఒక్క మంచి మాట రాలేదు.

మొన్న నల్లబడిన పాత కాఫీ కూజా తోమమంది. నేను ముట్టుకోలేదు.

"పాతది మామా! తోమితే విలువ పోతుంది," అన్నాను.