మూడు షిఫ్టుల కెప్టెన్

మా బావ పోయాడన్న కబురు ఖాజా తెచ్చాడు. పోయిన మంగళవారం పెద్దపల్లి బస్టాండు వెనక నా కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. గోదావరిఖని బస్సు దిగి నేరుగా నా కొట్టుకే వచ్చాడు. ఎప్పుడూ వస్తూనే చాయ్ అడిగే మనిషి, ఆ రోజు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "చెల్లె, కెప్టెన్ పోయిండు. పొద్దుగాల మంచంల కూసోని చాయ్ తాగుకుంటనే," అన్నాడు. చేతిలో సూది అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఖాజాయే దాన్ని తీసి దిండుకు గుచ్చాడు.

కెప్టెన్ అంటే సైన్యంలో చేశాడనో, క్రికెట్టు ఆడాడనో అనుకునేరు. అదేమీ కాదు. ఆయన మా అక్క భర్త. బొగ్గుబాయిలో గ్యాంగు లీడరు. ఒకే ఒక్క సాయంత్రం, నేను ఎరువు సంచులతో కుట్టిన బట్టలు తొడుక్కుని, రేకులతో కట్టిన అంతరిక్ష నౌకకు కెప్టెనయ్యాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కాలనీలో ఆయన్ని వేరే పేరుతో పిలిచినవాళ్ళు లేరు. రేషను షాపులో కూడా "కెప్టెన్ సాబ్ సంచి ఏదీ" అనే అడిగేవాళ్ళు.

ఆ సాయంత్రం గురించి చెప్పాలంటే ముందు ఆయన చేతికట్టె గురించి చెప్పాలి. బాయిలో ఒక పద్ధతి ఉంది. బొగ్గు పేల్చాక గ్యాంగు లోపలికి పోయే ముందు లీడరు ఒక్కడే ముందుకు వెళ్ళి, పొడవాటి కట్టెతో పైకప్పును మూడుసార్లు కొట్టి వింటాడు. చప్పుడు గట్టిగా వస్తే పైన బండ నిలబడి ఉన్నట్టు, డొల్లగా వస్తే విడిపోయి ఉన్నట్టు. ఆ దెబ్బలు పడుతున్నంతసేపూ వెనకున్నవాళ్ళు మాట్లాడరు, దగ్గనైనా దగ్గరు, కాలు కదపరు. విన్నాక లీడరు "పై మంచిగుంది, రాండ్రి" అంటాడు. ఆ మాట వినిపించాకే అడుగు వెయ్యాలి.

మా బావ ఈ అలవాటును బాయిలో వదిలిపెట్టి రాలేకపోయాడు. కొత్త కుండను కొట్టేవాడు, గుమ్మడికాయను కొట్టేవాడు, ఎవరింటికి పోయినా దర్వాజను వేలితో కొట్టి విన్నాకే గడప దాటేవాడు. నా పెళ్ళిలో పందిరి గుంజకు చెవి ఆనించి, "మంచిగుంది, కూసోండ్రి" అనేదాకా మమ్మల్ని పీటల మీద కూర్చోనివ్వలేదు. మా అత్తగారివాళ్ళు ఇదెక్కడి మనిషిరా అనుకున్నారు. సాయంత్రం గాలిదుమారం వచ్చి పక్కవాడల పందిళ్ళు రెండు లేచిపోయాయి. మాది నిలిచింది. అప్పటినుంచి మా అత్త ఆయన వస్తే ముందుగా కుర్చీ వేసేది.

"పైనున్నది ఎప్పుడు చెప్తనే ఉంటది పిల్లా, మనమే లొల్లి పెట్టుకుంట ఇనం," అనేవాడు నాతో. నాకు నోరు ఎక్కువని ఆయన చురక.

ఎనభైల నడుమ ఒక రోజు బాయిలో పైకప్పు పెళ్ల ఊడి ఆయన మీద పడింది. తలకూ భుజానికీ దెబ్బలు తగిలాయి. చాలా రోజులు దవాఖానలో ఉండి లేచి వచ్చాడు. ఒళ్ళు బాగుపడింది గానీ, జ్ఞాపకాల వరస తప్పిపోయింది. మనుషులందరూ గుర్తే, జరిగినవన్నీ గుర్తే. ఏది ముందో ఏది వెనకో మాత్రం తెలిసేది కాదు. అక్క "అన్నం తిన్నవా?" అంటే "మీ చెల్లె పెండ్లిల తిన్న గద" అనేవాడు. మేం నవ్వితే ఆయనా నవ్వేవాడు. ఒక్క సంగతి దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయేది. ఆ రోజు తాను పైకప్పును కొట్టాడో లేదో ఆయనకు తెలియదు. ఒకసారి కొట్టాననీ, మంచి చప్పుడే వచ్చిందనీ చెప్పేవాడు. ఇంకోసారి డొల్ల చప్పుడు విన్నాననేవాడు. మరోసారి ముద్ద చేతిలో పట్టుకుని, "కొట్టుడు మర్చిపోయినట్టున్న" అనేవాడు. మూడూ నిన్ననే జరిగినట్టు చెప్పేవాడు. గ్యాంగులో ఎవరిని అడిగినా "దుమ్ముల ఏం కనవడలె" అనేవాళ్ళు.

కొట్టకుండా పిలిచిన లీడరు వెనక ఎవరు దిగుతారు? దవాఖానవాళ్ళు ఫిట్ అని రాసిచ్చారు, గ్యాంగు మాత్రం ఒప్పుకోలేదు. ఆఫీసువాళ్ళు గ్యాంగును విడగొట్టి మూడు షిఫ్టుల్లో పంచేశారు. ఆయన కుడిభుజంలాంటి రాజమల్లు పొద్దుటి షిఫ్టులో లీడరయ్యాడు. ఖాజాకు రెండో షిఫ్టు, ఓదెలుకు రాత్రి షిఫ్టు పడ్డాయి. బావను పైన ల్యాంపురూములో టోపీదీపాలు తుడిచి ఇచ్చే పనిలో పెట్టారు. తను దిగలేని బాయిలోకి పోయేవాళ్ళకు దీపాలు అందించే పని. ఆ రోజుల్లో ఆయన ఏ తలుపునూ కొట్టి చూడలేదు.

గనుల మధ్య నాటక పోటీలు పెట్టేవాళ్ళు. ఏటా మా బావ గ్యాంగు ఒక నాటకం వేసేది, కథ చెప్పేది ఆయనే. మన మనిషి ఒకాయన అంతరిక్షానికి పోయివచ్చిన కొత్త అది. కాలనీ పిల్లలంతా అగ్గిపెట్టెలతో రాకెట్లు చేస్తున్నారు. బావకు కూడా ఆ పిచ్చే పట్టింది. దవాఖానలో పడుకుని ఫ్యాను వంక చూస్తూ ఒక నౌక కథ అల్లుకున్నాడట. మా అక్క నన్ను వెంటబెట్టుకుని రాజమల్లు ఇంటికి పోయింది.

"బాయిల కాకపాయె, నాటకంలనన్న ఆయన మాట ఇనుండ్రి," అంది.

రాజమల్లు చాలాసేపు బీడీ కాల్చాడు. "సరే వదినా. నాటకంల తప్పు చేస్తే ఎవ్వల మీద పెళ్ల వడది," అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "గని అంతమంది ముంగట గడబిడ అయిందనుకో, మల్ల గ్యాంగు సంగతి ఎత్తొద్దు. అన్నకు నువ్వే చెప్పాలె."

అక్క ఆ మాట దాచకుండా చెప్పింది. బావ "మంచిదే" అన్నాడు.

గ్యాంగులో సగంమందికి చదువు రాదు కాబట్టి మా నాటకాలకు రాతప్రతి ఉండేది కాదు. బావ చెప్పేవాడు, వాళ్ళు విని పట్టుకునేవాళ్ళు. ఎప్పుడూ అందరూ ఒకే షిఫ్టులో ఉండేవాళ్ళు గనుక ఏ చిక్కూ రాలేదు. ఈసారి ఎవరికి తీరిక దొరికితే వాళ్ళు, బాయి ఎక్కి వచ్చాకో దిగబోయే ముందో, ల్యాంపురూము వెనక చెట్టు కింద విడివిడిగా నేర్చుకున్నారు. రాజమల్లు, ఖాజా, ఓదెలు ముగ్గురూ కలిసి ఒక్కరోజు కూడా ఆడి చూసుకోలేదు. అసలు మాటలే లేవు వాళ్ళ మధ్య. గ్యాంగు ముక్కలైంది నీ వల్లంటే నీ వల్లని మొహాలు తిప్పుకునేవాళ్ళు.

నాకు అప్పగించిన పని బట్టలు. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ తెల్ల సంచులు దొరికితే ఉతికి ఆరేసి సూట్లు కుట్టాను. ఎంత రుద్దినా అక్షరాలు పోలేదు. ఖాజా వీపు మీద కొక్కేలు వాడరాదని ఇంగ్లీషులో అలాగే ఉండిపోయింది. పాత హెల్మెట్లకు సున్నం కొట్టాం. ఖాజా వెదురు బొంగులకు రేకులు బిగించి నౌక కట్టాడు. ఆ ఎండల్లో ఆ సంచుల్లోకి దూరితే మనిషి ఉడికిపోవాల్సిందే. అయినా ఒక్కరూ విప్పలేదు, పైగా అద్దం అడిగారు.

ఆదివారం సాయంత్రం క్లబ్బు మైదానం నిండిపోయింది. ముందు వరసలో అక్క. రేకు వెనక నేను, అందించడానికి ఏ రాతా లేని ప్రాంప్టరును. తెర లేచింది. రాజమల్లు గంభీరంగా, "కెప్టెన్, అంత తయారున్నది. ఇగ భూమి ఇడిచి బయలెల్లుదమా?" అన్నాడు. బావ చెయ్యెత్తబోయాడు. ఇంతలో ఖాజా లోపలికి వచ్చి, "కెప్టెన్ సాబ్, తిరిగొచ్చినం. ఈడ నూరేండ్లయిపోయిందట. మనల్ని గుర్తువట్టెటోడు ఒక్కడు లేడు," అన్నాడు. రాజమల్లు నోరు తెరిచి, "ఇంక పోనేలేదు, ఎట్లొస్తం?" అన్నాడు. ఎవరూ తేరుకోకముందే ఓదెలు గుండెలు బాదుకుంటూ వచ్చాడు. "అయ్యో, కెప్టెన్ సచ్చిపాయె" అని ఏడుస్తూ తలెత్తితే ఎదురుగా కెప్టెన్ నిలబడి ఉన్నాడు.

మైదానం ఒక్కటే నవ్వు. నాకు అప్పుడర్థమైంది. బావ ఒక్కో షిఫ్టుకు ఒక్కో కథ నేర్పాడు. తెలిసి కాదు. ఆయన తలలో ఆ మూడూ ఒకే కథ. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. రాజమల్లు పళ్ళ బిగువున, "చెప్పిన గదా" అనడం రేకు వెనక నాకు స్పష్టంగా వినిపించింది.

బావ ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నౌక పక్కన జెండాకర్రగా నిలబెట్టిన తన బాయికట్టెను ఊడబెరికి, పైరేకును కొట్టాడు.

మొదటి దెబ్బకు స్టేజీ మీద ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. రెండో దెబ్బకు ముందు వరసలు ఆగాయి. అక్కడున్నవాళ్ళంతా బాయివాళ్ళే కదా. మూడో దెబ్బ పడేసరికి మైదానమంతా ఊపిరి బిగబట్టి పైకి చూస్తోంది. పల్లీలమ్మే ఆయన కూడా గంట పట్టుకుని ఆపాడు.

"ఈ నౌక మూడు కాలాలల్ల పోతున్నది," అన్నాడు బావ. "రాజమల్లూ, నీ కాలంల ఇంక బయలెల్లలే. ఖాజా, నీ కాలంల తిరిగొచ్చినం. ఓదెలూ, నీ కాలంల నేను లేను. మూడు నా యాదిలున్నయి, ఏది నిజమో నాకే తెల్వది. ఆ దినం నేను కొట్టిన్నో లేదో తెల్వది. కెప్టెన్ యాదిని నమ్ముకుంటె నౌక మునుగుతది. తెలిసినోళ్ళు చెప్పుండ్రి, నేనింట."

జనానికి అది నాటకం. స్టేజీ మీద వాళ్ళకు కాదు. ఓదెలు ఏడుపు ఆగలేదు గానీ, ఏడుపు రకం మారింది.

"నువ్వు తప్పు చెయ్యలె కెప్టెన్," అన్నాడు. "నువ్వు ఇంక కట్టె ఎత్తనేలేదు. జల్ది ఇంటికి పోవాలని నేనే ముందుగాల జొచ్చిన. నువ్వు ఉరికొచ్చి నన్ను ఎనుకకు గుంజినవ్. నాకు పడేది నీకు పడ్డది. కొలువు పోతదని భయానికి ఎవ్వలకు చెప్పలే."

రాజమల్లు ఓదెలు వైపు చూశాడు. బావ వైపు చూశాడు. సున్నం కొట్టిన హెల్మెటు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎవరూ నేర్పని మాట ఇంకొకటి అతను అన్నాడు.

"ఎటు పోదాం కెప్టెన్?"

బావ మళ్ళీ రేకును కొట్టాడు, విన్నాడు. "పై మంచిగుంది. రాండ్రి." ముందు ఆయన, వెనక ముగ్గురూ, స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిపోయారు. మైదానంలో లేచినవాళ్ళు ఎంతకీ కూర్చోలేదు. అక్క లేవలేకపోయింది, కూర్చున్నచోటే ఏడ్చింది, నవ్వింది. నేను రేకును పట్టుకుని ఊగిపోతూ ఈలవేశాను. ఆడదానికి ఈల ఏమిటని అడిగినవాళ్ళకు అప్పుడు జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

మొదటి బహుమతి మాదే. మూడు కాలాలను ఒకే వేదిక మీద నడపడం ఎంతో సాహసమైన ప్రయోగమని న్యాయనిర్ణేత మైకులో పొగిడాడు. "సాబ్, అది షిఫ్టుల పరేషాన్" అని ఖాజా చెప్పబోతుంటే నేను గిచ్చాను.

ఆ వారంలోనే రాజమల్లు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి గ్యాంగును మళ్ళీ ఒక్క షిఫ్టుకు తెచ్చాడు. కట్టె బావ చేతికిచ్చాడు. అయితే ఒక కొత్త పద్ధతి పెట్టింది మా బావే. మూడు దెబ్బలు కొట్టి విన్నాక వెనక్కు తిరిగి "కొట్టిన్నా?" అని అడిగేవాడు. గ్యాంగంతా ఒక్క గొంతుతో "కొట్టినవ్" అనేది. అప్పుడే "రాండ్రి" అనేవాడు. చుట్టుపక్కల గ్యాంగులు మొదట్లో వేళాకోళం చేశాయి, తర్వాత కొన్ని అదే పట్టుకున్నాయి. ఆయన లీడరుగా ఉన్నన్నాళ్ళూ ఆ గ్యాంగులో ఒకరి గోరు కూడా ఊడలేదు. ఈ మాట రాయడానికి నాకు చాలా గర్వంగా ఉంది.

వరస మాత్రం చివరిదాకా కుదరలేదు. ఆ నాటకం సంగతి ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా చెప్పేవాడు. ఒకసారి ఆ రోజు వాన పడేది, ఒకసారి బహుమతి ఇచ్చింది మంత్రి అయ్యేవాడు, ఒకసారి ఎప్పుడో పోయిన మా నాయన ముందు వరసలో కూర్చునేవాడు. ఊరుకోలేక నేను దిద్దేదాన్ని. "అది నీ కాలంల, పిల్లా," అనేవాడు నవ్వుతూ. మా నాయన కూర్చున్న కాలమే బాగుందని నాకు ఈమధ్యే అనిపిస్తోంది. "అన్ని యాదికుండాల్నని లేదు, అడిగితె చెప్పెటోళ్ళుండాలె," అని కూడా అనేవాడు. ఆయనకు ఉన్నారు.

మంగళవారం మధ్యాహ్నం ఖాజాతో కలిసి నేను చేరేసరికి క్వార్టరు ముందు గల్లీ అంతా జనం. డప్పులు మోగుతున్నాయి. పాడె ఎత్తబోతుంటే రాజమల్లు ఆగమని చెయ్యి చూపించాడు. అతని జుట్టు నెరిసింది, వచ్చే ఏడాది కొలువు దిగిపోతాడు. లోపలికి పోయి, తలుపు వెనక నుంచి ఆ కట్టె తెచ్చాడు. వసారా రేకును మూడుసార్లు కొట్టాడు. డప్పులు ఆగాయి. ఏడ్చేవాళ్ళు ఆగారు. గల్లీ చివర ఆటో ఇంజను కూడా ఎవరో ఆపేశారు.

రాజమల్లు చెవి ఒగ్గి విన్నాడు. పాడె వైపు తిరిగి, "పై మంచిగుంది అన్నా," అన్నాడు. తర్వాత మా అందరి వైపూ తిరిగాడు.

"కొట్టిన్నా?"

"కొట్టినవ్," అన్నారు అందరూ. ఖాజా అన్నాడు, అక్క అంది, నేనూ అన్నాను. ఓదెలు కట్టె అందుకుని భుజాన నిలువుగా పట్టుకుని ముందు నడిచాడు. పాడె మలుపు తిరిగాక కూడా గోదారి దారిలో జనం తలల పైన ఆ కట్టె కొస చాలాసేపు కనిపించింది.